అగ్నిపర్వతాల ముప్పు గురించి మన పిల్లలకు తెలుగులో చిత్రాలు కావాలి: తిరుపతి, చిత్తూరు విద్యాధికారులకు, విజ్ఞాన కేంద్రానికి బహిరంగ లేఖ

తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం నిర్వాహకులకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖాధికారులకు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగం ఆచార్యులకు నమస్కారాలు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి, పదవీ విరమణ చేసి, ప్రస్తుతం చంద్రగిరిలో ఉంటున్నాను. అగ్నిపర్వతాల పాఠం ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. కొండను నిలువునా కోసినట్టు నల్లబల్ల మీద బొమ్మ గీసి, శిలాద్రవం, నాళం, బిలం, లావా అని బాణపు గుర్తులు పెట్టి, క్రియాశీలం, నిద్రాణం, విలుప్తం అని మూడు రకాలు రాయించి, పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా అడిగి, అంతటితో పాఠం పూర్తయిందని అనుకున్నదాన్ని. ఆ పాఠంలో ఏమి లోపించిందో రెండు సందర్భాల్లో నాకు తెలిసివచ్చింది. వాటిని మీ ముందుంచి, మీ ముగ్గురూ కలిసి ఒక పని చేయాలని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిది 2020 జనవరి నాటిది. ఆ నెల 12వ తేదీన ఫిలిప్పీన్స్‌లో తాల్ అగ్నిపర్వతం పేలింది. మా వీధిలో ఒకామె కూతురు అప్పుడు మనీలాలో వైద్యవిద్య చదువుతోంది. రాత్రి ఎనిమిది దాటాక ఆ తల్లి ఫోన్ చేతపట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అక్కా, మా పాప ఉండే కాడ బూడిద పడతా ఉందంట. కిటికీ మీదంతా చేరిందంట. తడిగుడ్డతో తుడిచేయమని చెప్పేదా, ముట్టుకోకుండా ఉండమని చెప్పేదా? నువ్వు టీచరువి గదా, చెప్పు" అని అడిగింది. ఆ అమ్మాయి పంపిన ఫొటో చూశాను. తెల్లటి పింగాణీ పళ్ళెం అంచున వేలితో గీసిన గీత, గీతకు రెండు పక్కలా సిమెంటు రంగు పొడి. పసిఫిక్ సముద్రం చుట్టూ అగ్నిపర్వతాలు బారులుతీరిన అగ్నివలయం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్ళు మూసుకుని గీయగలిగిన నేను, ఆ పొడిని ఏం చేయాలో మాత్రం చెప్పలేకపోయాను. మన ప్రాంతం నుంచి డాక్టరు చదువుకు ఫిలిప్పీన్స్ వెళ్ళే పిల్లలు తక్కువేమీ కాదు. వాళ్ళలో ఎంతమంది ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశారో, ఎంతమంది తల్లులు ఇట్లాగే ఎవరో ఒకరి తలుపు తట్టారో అని నాకు చాలా రోజులు దిగులుగా ఉండింది.

రెండోది పోయిన నెల జరిగింది. మా దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఐఎఫ్‌పీ అనే పెద్ద డిజిటల్ తెర మీద అగ్నిపర్వతాల చిత్రం చూపిస్తున్నారని తెలిసి, అనుమతి అడిగి వెనక బెంచీలో కూర్చున్నాను. పదిహేను నిమిషాల ఆంగ్ల చిత్రం. చూపించిన ఉపాధ్యాయిని శ్రద్ధగల మనిషి. మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాలని ఎంతో ప్రయత్నించింది, కానీ చిత్రం వేగం ఆమెకు సందు ఇవ్వలేదు. తెర నిండా ఎర్రటి లావా చిమ్మడం, సముద్రంలోకి జారి ఆవిరి లేవడం, వెనక డప్పుల మోత. అయిపోగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు లేచి, "చిచ్చుబుడ్డి మాదిరి ఉండాది మేడమ్" అన్నాడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పాప మాత్రం చప్పట్లు కొట్టలేదు. కిటికీలోంచి కనిపించే కొండవైపు చెయ్యి చూపించి, "మన కొండ గూడా ఇట్ల బద్దలవతాదా మేడమ్?" అని అడిగింది.

ఒక పిల్లవాడికి అది దీపావళిగా కనిపించింది, ఒక పాపకు అది తన కొండ మీద భయాన్ని పెట్టింది. ముప్పు అంటే ఏమిటో, అది ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ఇద్దరికీ తెలియలేదు. ఇందులో ఆ పిల్లల తప్పు గానీ, ఆ ఉపాధ్యాయిని తప్పు గానీ లేదు. మన పిల్లల కోసం, మన భాషలో, ముప్పును గురించి చెప్పడమే పనిగా తీసిన చిత్రం ఆమె చేతిలో లేదు.

అలాంటి చిత్రాల్లో లావాకు దక్కే చోటు మరీ ఎక్కువ. లావా చాలా సందర్భాల్లో మనిషి నడక కన్నా మెల్లగా కదులుతుంది. ఇళ్ళను, తోటలను మింగుతుందేగానీ మనుషులు సాధారణంగా తప్పుకోగలుగుతారు. ప్రాణాలు ఎక్కువగా పోయినవి వేరే వాటివల్ల. 1902 మే 8న కరీబియన్‌లోని మార్టినీక్ దీవిలో పెలే పర్వతం నుంచి మండే వాయువులు, బూడిద, రాళ్ళు కలిసి నేలను రాసుకుంటూ దిగి, సెయింట్ పియర్ పట్టణంలో నిమిషాల వ్యవధిలో సుమారు 28,000 మందిని చంపాయి. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా పేలినప్పుడు చనిపోయిన 36,000 మందిలో అత్యధికులు సముద్రపు అలలకే బలయ్యారు. 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున చేరిన బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఒక్కసారిగా పైకి ఉబికి, గాలికన్నా బరువైనది గనుక పల్లంలోని ఊళ్ళలోకి జారి, 1,700 మందికి పైగా మనుషులను, వేలాది పశువులను ఊపిరాడకుండా చేసింది. అక్కడ మంట లేదు, పొగ లేదు. నేను చూసిన చిత్రంలో ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేదు.

చిత్రం చూపించినంత మాత్రాన ప్రాణాలు నిలుస్తాయా అని మీరు అడగవచ్చు. నిలిచిన సందర్భం ఒకటి ఉంది. దాన్ని చెప్పాలంటే, నిలవని సందర్భం ముందు చెప్పాలి.

1985 నవంబర్ 13 రాత్రి తొమ్మిది గంటలప్పుడు కొలంబియాలోని నెవాడో డెల్ రూయిజ్ పేలింది. అగ్నిపర్వతాల లెక్కలో అది పెద్ద పేలుడు కాదు. శిఖరం మీది మంచులో పదో వంతు మాత్రమే కరిగింది. కరిగిన నీరు బూడిదను, రాళ్ళను, దారిలోని మట్టిని, చెట్లను కలుపుకుని లోయల్లోకి దిగి, దిగినకొద్దీ బలిసి, రెండున్నర గంటల తర్వాత, లోయ వెంబడి 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆర్మెరో పట్టణం మీద పడింది. అది తిరుపతి నుంచి చిత్తూరుకు ఉన్నంత దూరం. మన బస్సు వెళ్ళే సమయానికి కాస్త అటూఇటూగా ఆ బురద వెళ్ళింది. మొత్తం సుమారు 23,000 మంది చనిపోయారు. ఏ ఊరికి ముప్పుందో చూపించే పటాన్ని శాస్త్రజ్ఞులు అంతకు నెల రోజుల ముందే తయారుచేసి ఉన్నారు. 1595లో, 1845లో కూడా అదే లోయలో బురద వచ్చింది. 1845 నాటి బురద గట్టిపడిన నేల మీదనే ఆ ఊరు కట్టారు. ఆ సాయంత్రం ఊళ్ళో బూడిద పడుతున్నా, ఇళ్ళలో ఉండండి, కంగారుపడకండి అని చెప్పారు. పక్కనే ఎత్తైన నేల ఉంది. నడిచి వెళ్ళేందుకు సమయమూ ఉంది. ఆ పటంలోని రంగు మచ్చకూ, అర్ధరాత్రి తలుపు దగ్గరికి వచ్చే బురదకూ మధ్య ఉన్న సంబంధాన్ని వాళ్ళకు కళ్ళకు కట్టినట్టు చూపించినవాళ్ళు లేరు. నాకు ఈ ఉదంతంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ సంగతే.

ఆ తర్వాత మోరిస్ క్రాఫ్ట్, కాత్యా క్రాఫ్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞ దంపతులు, ఇరవై ఏళ్ళకు పైగా పేలుతున్న అగ్నిపర్వతాల దగ్గరికి వెళ్ళి తీసిన దృశ్యాలను కూర్చి, ఒక్కొక్క ముప్పు ఎట్లా ఉంటుందో, అది వచ్చిపోయిన చోట ఏమి మిగులుతుందో అధికారులకు, ప్రజలకు చూపించే చిత్రాన్ని తయారుచేయడానికి పూనుకున్నారు. 1991 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌లో సుమారు 500 ఏళ్ళుగా నిద్రపోతున్న పినటుబో కొండ ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల అసంఖ్యాకమైన జనానికి అది అగ్నిపర్వతమనే ఎరుక లేదు. అప్పటికి పూర్తికాని ఆ చిత్రం తొలి ప్రతిని తెప్పించి, అధికారులకు, సైనికులకు, ఉపాధ్యాయులకు, ఊళ్ళలో జనానికి చూపించారు. భూకంపమాపకాలతో రేయింబవళ్ళు కొండను కనిపెట్టిన ఫిలిప్పీన్స్, అమెరికా శాస్త్రజ్ఞులు చెప్పే హెచ్చరిక, ఆ చిత్రం చూసినవాళ్ళకు అర్థమైంది. వేలాది మంది ఇళ్ళు విడిచి కదిలారు. జూన్ 15న పినటుబో 20వ శతాబ్దపు అతిపెద్ద విస్ఫోటాలలో ఒకటిగా పేలింది. ఆ ముందస్తు హెచ్చరికల వల్ల తక్కువలో తక్కువ 5,000 ప్రాణాలు దక్కాయని అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంచనా వేసింది. అంతకు 12 రోజుల ముందు, జూన్ 3న, జపాన్‌లోని ఉన్జెన్ అగ్నిపర్వతం వద్ద చిత్రీకరణలో ఉండగా నిప్పుబూడిద వెల్లువలో చిక్కుకుని ఆ దంపతులిద్దరూ చనిపోయారు. అక్కడ మొత్తం 43 మంది చనిపోయారు.

పినటుబో దగ్గర కూడా వందల మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది కొండకు దూరంగా, తమ ఇళ్ళ పైకప్పుల కిందనే చనిపోయారు. సరిగ్గా అదే రోజున యున్యా అనే తుఫాను వచ్చి, పైకప్పుల మీద పేరుకున్న బూడిదను వాన తడిపింది. బరువుకు కప్పులు కూలాయి. ఇక్కడే మన భాషకు సంబంధించిన ఒక చిక్కును మీ దృష్టికి తేవాలి.

బూడిద అనగానే తెలుగువాడికి పొయ్యిలోని బూడిద గుర్తుకొస్తుంది. గిన్నెలు తోమేది, విభూతిగా నుదుట పెట్టుకునేది, ఊదితే ఎగిరిపోయేది, మెత్తనిది. అగ్నిపర్వతం నుంచి వచ్చేది కాలి మిగిలిన బూడిద కాదు. అది రెండు మిల్లీమీటర్ల కన్నా చిన్నగా పగిలిన రాతి ముక్కలు, గాజు పెంకులు. నీటిలో కరగదు. కంటిలో పడితే గీరుతుంది. తడిస్తే విద్యుత్తును ప్రవహింపజేసి స్తంభాల మీది పరికరాలను కాలుస్తుంది. మన చిత్తూరు జిల్లా పిల్లలకు దీన్ని చెప్పడానికి సరైన పోలిక చేతికందే దూరంలోనే ఉంది: గ్రానైట్ కోసే చోట, కంకర క్రషర్ దగ్గర పడే రాతిపొడి. ఆ పొడి మీద నడిచిన పిల్లలకు, అక్కడ పనిచేసే నాయన దగ్గు విన్న పిల్లలకు అగ్నిపర్వతపు బూడిద ఏమిటో ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

నేను ఆ ఎనిమిదో తరగతికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఇదే చేసి చూపించాను. రెండు ఇటుకల మీద ఒక అట్టను కప్పులాగా పెట్టి, క్రషర్ పొడిని జల్లెడతో మెల్లగా పోశాం. బొటనవేలి గోరంత మందం చేరేదాకా అట్ట నిలబడింది. పిల్లలు "ఏం కాలేదు మేడమ్" అన్నారు. చెంబుతో నీళ్ళు చిలకరించాం. అట్ట ముందు మధ్యలో కొంచెం వంగింది, ఒక పక్క నుంచి తడిపొడి జారింది, అందరం చూస్తుండగానే మొత్తం కుంగి కింద పెట్టిన చిన్న చెక్కబొమ్మ మీద పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత లెక్క చేశాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న రేకుల గది మీద పది సెంటీమీటర్ల తడిబూడిద పేరుకుంటే, దాని బరువు ఒక టన్నుకు తగ్గదు. అంటే యాభై కిలోల బస్తాలు ఇరవైకి పైగా. "మా ఇంటి రేకులు మూడు బస్తాలకే వంగతాయి" అని ఒక పాప అంది. ఇదంతా చేయడానికి మాకు అరగంట పట్టింది. మంచి కెమెరా, మంచి వెలుతురు ఉంటే చిత్రంలో నాలుగు నిమిషాలు చాలు.

మాటల చిక్కు బూడిదతో ఆగదు. నేలను రాసుకుంటూ గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో, వందల డిగ్రీల వేడితో దిగే ఆ మేఘానికి మన పుస్తకాల్లో పిల్లలు పలకగలిగిన పేరు లేదు. పైన నేను నిప్పుబూడిద వెల్లువ అని రాశాను. అంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా తీసుకుంటాను. ఆర్మెరోను ముంచినదానికి బురద వెల్లువ అంటే సరిపోతుంది. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఊళ్ళ మీదికి నీళ్ళూ బురదా ఎట్లా వచ్చాయో చూసినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. అదే వారంలో స్వర్ణముఖి పొంగడం మా చంద్రగిరివాళ్ళం కళ్ళారా చూశాం. నీళ్ళకు బదులు తడి కాంక్రీటు లాంటిది అదే వేగంతో వస్తే అని చెప్తే, ఇక్కడి పిల్లలకు ఇంకో వివరణ అక్కర్లేదు. ఆంగ్ల చిత్రానికి తెలుగు గొంతు అతికిస్తే ఈ పోలికలు రావు. అందుకే అనువాదం కాకుండా, మొదటి నుంచి తెలుగులో ఆలోచించి తీసిన చిత్రాలు కావాలని అడుగుతున్నాను.

అగ్నిపర్వతం లేని తిరుపతిలో దీని అవసరమేమిటి అని కొందరు పెద్దలు నాతో అన్నారు. మనీలా సంగతి ఇప్పటికే చెప్పాను. చెన్నై నుంచి అండమాన్ యాత్రకు వెళ్ళే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా 140 కిలోమీటర్ల దూరంలోపే ఉన్న బ్యారెన్ దీవి మన దేశంలోని క్రియాశీల అగ్నిపర్వతం. ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఊరుకుని, 1991లో మళ్ళీ మేల్కొంది. ఆ తర్వాత చాలాసార్లు పేలింది. 2025 నవంబర్‌లో ఇథియోపియాలో హేలీ గుబ్బి పేలినప్పుడు, దాని బూడిద మేఘం అరేబియా సముద్రం దాటి ఉత్తర భారతం మీదికి వచ్చి, విమానాలు రద్దయ్యాయి. బూడిద ఇంజన్లలోకి వెళ్ళి, ఆ వేడికి కరిగి గాజులా అతుక్కుంటుంది. 1982 జూన్ 24 రాత్రి ఇండోనేషియా మీదుగా ఎగురుతున్న ఒక ప్రయాణికుల విమానం నాలుగు ఇంజన్లూ అట్లాగే ఆగిపోయి, చాలా కిందికి దిగాక గానీ తిరిగి అందుకోలేదు. గల్ఫ్‌కు, జపాన్‌కు, ఇటలీకి, అమెరికాకు మన పిల్లలు వెళ్తున్న కాలంలో, ముప్పు మన ఊళ్ళో లేదు కాబట్టి పాఠం అక్కర్లేదనడం సరికాదు. 2004 డిసెంబర్ 26న థాయిలాండ్ తీరంలో పదేళ్ళ ఆంగ్ల బాలిక టిల్లీ స్మిత్ సముద్రం వెనక్కి పోవడం గుర్తుపట్టి తీరంలోని జనాన్ని కాపాడగలిగింది. అంతకు రెండు వారాల ముందు ఆమె తన ఊరి బడిలో భూగోళం తరగతిలో సునామీ పాఠం విన్నది. ఆమె ఊళ్ళోనూ సునామీ ఎన్నడూ రాలేదు.

ఇక ఆ పాప ప్రశ్నకు వస్తాను. శేషాచలం బద్దలవదు. ఆ కొండలు అగ్నిపర్వతాలు కావు. సుమారు నూట అరవై కోట్ల ఏళ్ళ కిందట నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ రాయిగా మారి ఆ కొండలయ్యాయి. తిరుమల ఘాట్ రోడ్డులో, అంతకన్నా ఎంతో పాతదైన గ్రానైట్ మీద ఆ రాతి పొరలు కూర్చున్న చోటును భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఆ రెండు రాళ్ళ మధ్య ఉన్న సన్నని గీతలో యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన కాలం ఖాళీగా ఉంది. రోజూ వేలమంది భక్తులు ఆ గీత పక్కగా బస్సుల్లో వెళ్తారు. మొదటి చిత్రం అక్కడే మొదలుకావాలని నా కోరిక. ఎక్కడ ముప్పు లేదో ముందు చెప్పి, పిల్లల గుండెలో దిగులు తీసి, ఆ తర్వాత ఎక్కడ ఉందో చెప్పాలి.

రెండో దృశ్యానికి కూడా దూరం వెళ్ళనక్కర్లేదు. రైల్వే కోడూరు దాటాక ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో ముగ్గురాయి గనులున్నాయి. అక్కడి ముగ్గురాయి పొరలు అతి ప్రాచీన కాలంలో అగ్నిపర్వత చర్యతో ఏర్పడ్డాయని గుర్తించి, వాటిని కూడా జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. కడప రైలెక్కిన ప్రతి పిల్లవాడూ ఆ దారినే పోతాడు. ఇంకొంచెం పైకి, నంద్యాల జిల్లా జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ పొలాల కింద తెల్లటి బూడిద పొర కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన మందాన కనిపిస్తుంది. అది సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి పడిన బూడిద. ఆ పొర కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. పలుగుతో గీస్తే పిండిలా రాలే ఆ పొరను తెర మీద దగ్గరగా చూపిస్తే, అగ్నిపర్వతం ఎక్కడో విదేశంలోని వింత అనే భావన పిల్లల్లో పోతుంది. అది మన నేలలోనే ఉంది. జ్వాలాపురం అనే పేరు ఎట్లా వచ్చిందో గానీ, ఆ పేరు విన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది.

చేయవలసిన పని పెద్దదేమీ కాదని నా నమ్మకం. ఎనిమిది, పది నిమిషాల చిత్రాలు ఏడు చాలు: రాలే బూడిద, నిప్పుబూడిద వెల్లువ, బురద వెల్లువ, కొండచరియ కూలడం, సముద్రపు అల, లావా, విషవాయువులు. ఒక పీరియడ్‌లో ఒక చిత్రం చూపించి, ముప్పావు భాగం సమయం పిల్లలతో మాట్లాడటానికి మిగలాలి. పాఠశాలల్లో తెరలు ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివినవాళ్ళున్నారు. తిరుపతిలోని ఐఐఎస్ఈఆర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలో భూమిని, వాతావరణాన్ని పరిశోధించేవాళ్ళున్నారు. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో లేజర్ కాంతిని ఆకాశంలోకి పంపి, ఎంతో ఎత్తులోని ధూళి పొరలను కొలిచేవాళ్ళున్నారు. పినటుబో గంధక వాయువు ఆకాశంలో పరదాలా కమ్మి, 1992లో భూగోళపు సగటు ఉష్ణోగ్రతను సుమారు అర డిగ్రీ తగ్గించిన సంగతిని చెప్పడానికి గాదంకి కన్నా తగిన చోటు ఇంకేముంది? అమెరికా భూగర్భ సర్వే సంస్థ సొంతంగా తీసిన దృశ్యాలు సాధారణంగా అందరూ వాడుకోవడానికి వీలైనవే. మిగతావాటికి హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

చిత్రాల గురించి నాకు కొన్ని పట్టుదలలు ఉన్నాయి. ప్రతి దృశ్యం కింద, కెమెరా కొండకు ఎంత దూరంలో ఉందో రాయాలి. ఈనాడు చేతిలో ఫోన్ ఉన్న ప్రతి పిల్లవాడికీ, ప్రమాదం ఎదురైతే పరుగెత్తాలన్న ఆలోచన కన్నా ముందు వీడియో తీయాలన్న ఆలోచన వస్తోంది. ఉన్జెన్ దగ్గర చనిపోయిన 43 మందిలో శాస్త్రజ్ఞులతో పాటు విలేకరులు, వాళ్ళను తీసుకెళ్ళిన టాక్సీ డ్రైవర్లు కూడా ఉన్నారని, అగ్నిపర్వతాలను అంతగా ఎరిగిన క్రాఫ్ట్ దంపతులే తప్పించుకోలేకపోయారని చిత్రం స్పష్టంగా చెప్పాలి. కంప్యూటర్‌తో తయారుచేసిన దృశ్యమైతే ఆ మాట తెర మీద ఉండాలి. ఫోన్లలో తిరిగే కల్పిత వీడియోలను నమ్మి భయపడే పెద్దవాళ్ళను కూడా నేను చూస్తున్నాను. ఆర్మెరోలో మూడు రోజులు బురదలో చిక్కుకుని ప్రాణం విడిచిన పదమూడేళ్ళ బాలిక ఫొటో ప్రపంచమంతా తెలుసు. దాన్ని పిల్లలకు చూపించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. భయపెట్టి నేర్పింది నిలవదు. దానికి బదులు పినటుబో కింది ఊళ్ళు ఎట్లా కదిలాయో, మూటల్లో ఏం కట్టుకున్నారో, పశువులను ఏం చేశారో, శిబిరాల్లో ఎట్లా గడిపారో చూపించండి.

వినపడని పిల్లల కోసం తెర కింద తెలుగు అక్షరాలు నడవాలి. గొంతు మన ప్రాంతపు ఉపాధ్యాయులదై ఉండాలి. తయారైన చిత్రాలను బడులతోపాటు అలిపిరి దగ్గరి విజ్ఞాన కేంద్రంలో సెలవు రోజుల్లో వేస్తే, కొండ దిగి వచ్చే యాత్రికుల కుటుంబాలు రాష్ట్రం నలుమూలలకూ ఆ ఎరుకను తీసుకుపోతాయి.

మనీలాలోని ఆ పాపకు ఆ రాత్రి చెప్పవలసిన జవాబు నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. కిటికీలు, తలుపులు మూసి, సందుల్లో తడిగుడ్డ పెట్టాలి. కళ్ళలో కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేసి కళ్ళద్దాలు పెట్టుకోవాలి. బయటికి వెళ్ళక తప్పకపోతే ఎన్95 మాస్కు వేసుకోవాలి. చేరిన పొడిని పొడిగా చిమ్మితే గాల్లోకి లేస్తుంది కాబట్టి, నీళ్ళు పలచగా చిలకరించి, ఆ తర్వాత తీయాలి. కప్పు మీద మాత్రం నీళ్ళు కుమ్మరించకూడదు. కాలువల్లోకి కడిగి వదలకూడదు, బూడిద గట్టిపడి అవి పూడుకుపోతాయి. ఆ అమ్మాయి ఇప్పుడు చదువు ముగించుకుని వచ్చి ఇక్కడే ఇంటర్న్‌షిప్ చేసింది. బూడిద చిత్రంలో తన అనుభవం తానే చెప్పడానికి ఒప్పుకుంది. ఆనాటి ఫొటో కూడా భద్రంగా ఉంచింది.

ఏడు చిత్రాల్లో మొదటి రెండింటికి తెలుగు వాచకం నేను రాసి ఉంచాను. ఆచార్యులు తప్పులు దిద్ది ఇస్తే సంతోషిస్తాను. మీరు ఏ శనివారం రమ్మన్నా అట్ట, ఇటుకలు, జల్లెడ, క్రషర్ పొడి తీసుకుని విజ్ఞాన కేంద్రానికి వస్తాను. ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిదిలోకి వెళ్ళేలోగా ఒక్క చిత్రమైనా వాళ్ళకు చూపిస్తానని మాట ఇచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
చంద్రగిరి.